ప్రయోగాన్ని చదవడం - 5వ పాఠం: తల్లిని మార్చి చూడటం

కిందటి పాఠం చివర ఒక ప్రశ్న ఇచ్చాను. ఒక వంశంలో తరతరాలుగా ఒకే జబ్బు కనిపిస్తోంది. అది జన్యువుల వల్లే వస్తోందని రాసేయవచ్చా?

రాయకూడదు. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అంటాం. మరి దూడ చేలో పడింది ఆ ఆవుకు పుట్టినందుకా, ఆ ఆవు వెంట తిరిగినందుకా? సామెత ఆ సంగతి చెప్పదు. తేలాలంటే పుట్టిన రోజే దూడను ఇంకో ఆవు వెంట తోలి చూడాలి. ఈ పాఠంలో చూడబోయేది అచ్చంగా ఆ పనే, కాకపోతే చిట్టెలుకలతో. నోటుబుక్కు, పెన్సిలు దగ్గర పెట్టుకోండి. ఫలితం చదివే ముందే మీ ఊహ రాసుకోవాలన్న నియమం ఈసారీ ఉంది.

అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో బార్ హార్బర్ అని సముద్రం ఒడ్డున ఒక చిన్న ఊరు. క్లారెన్స్ కుక్ లిటిల్ 1929లో అక్కడ జాక్సన్ లాబొరేటరీ పెట్టాడు. ఎలుకల్లో తోబుట్టువులనే జతకట్టిస్తూ 20 తరాలు దాటిస్తే ఆ వంశంలోని ఎలుకలన్నీ జన్యువుల్లో దాదాపు కవలలే. ఇలా తయారుచేసిన వంశాల్లో కొన్నిటిలో, పిల్లల్ని కన్న ఆడ ఎలుకల్లో చాలావాటికి రొమ్ము కణితులు వచ్చేవి. మరికొన్నిటిలో అరుదు. మొదటి రకాన్ని 'హెచ్చు' అని, రెండో దాన్ని 'తక్కువ' అని రాసుకోండి.

పేజీ మధ్యలో నిలువుగా గీత గీయండి. ఎడమన: హెచ్చు తల్లి, తక్కువ తండ్రి. కుడిన: తక్కువ తల్లి, హెచ్చు తండ్రి. జీవశాస్త్రం పుస్తకాల్లో దీన్నే వ్యుత్క్రమ సంకరణం అంటారు. పుట్టిన కూతుళ్ళను మాత్రమే లెక్కలోకి తీసుకోండి. కణితులు వచ్చేది వాటికే కదా అని మాత్రమే కాదు. కూతురికి ఒక ఎక్స్ క్రోమోజోము తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి వస్తుంది కాబట్టి, గీతకు అటూ ఇటూ ఉన్న కూతుళ్ళ క్రోమోజోములు ఒకటే. కొడుకుల విషయంలో ఈ మాట అనలేం.

కారణం క్రోమోజోముల్లోనే ఉంటే రెండు వైపులా కణితులు ఎలా ఉండాలి? రాశారా?

సమానంగా ఉండాలి. లేవు. 1933లో జాక్సన్ లాబొరేటరీ సిబ్బంది ప్రకటించిన ఫలితం ప్రకారం కూతుళ్ళు తల్లి దారినే పట్టాయి. హెచ్చు తల్లికి పుట్టినవాటిలో కణితులు ఎక్కువ, హెచ్చు తండ్రికి పుట్టినవాటిలో తక్కువ. ఇంచుమించు ఆ రోజుల్లోనే నెదర్లాండ్స్‌లో కోర్టెవెగ్ అనే పరిశోధకుడు కూడా ఇదే చూశాడు.

ఇక్కడే చాలామంది "అయితే పాలే!" అని ఎగిరి గంతేస్తారు. ఆగండి. తండ్రి ఇవ్వనిది, తల్లి మాత్రమే ఇచ్చేది ఏమేమిటో గళ్ళు గీయండి. అండంలోని జీవపదార్థం ఒక గడి. గర్భసంచి ఇంకోటి. పాలు మూడోది. పొదువుకోవడం, నాకడం, గూడు కలిపి నాలుగోది, దీన్ని తరచూ మరిచిపోతాం. ఈ నాలుగూ ఒకే మూటగా వస్తాయి. మూట విప్పడమే ఈ రోజు విద్య.

జాక్సన్ లాబొరేటరీలోనే పనిచేసిన జాన్ బిట్నర్ దాన్ని విప్పిన తీరు చూస్తే కాకి గూట్లో పెరిగే కోకిల గుర్తొస్తుంది. హెచ్చు తల్లి ఈనగానే పిల్లల్ని తీసి, అప్పుడే ఈనిన తక్కువ తల్లి దగ్గర పడుకోబెట్టాడు. చెప్పడానికి ఒక్క వాక్యమే కానీ చేతిపని చాలా ఉంది. ఎలుక తల్లి పరాయి వాసన పసిగడితే పిల్లల్ని చంపి తినేయవచ్చు. అందుకే ఎలుకలు పెంచేవాళ్ళు కొత్త తల్లి గూట్లోని పొట్టును పిల్లల ఒంటికి రాస్తారు. ఇంకో చిక్కు: మార్చేలోపు పిల్ల కన్నతల్లి పాలు తాగేసిందా? దీనికి ప్రకృతే దారి చూపింది. పుట్టిన చిట్టెలుక చర్మం ఎంత పల్చనంటే, పాలు తాగిన పొట్ట తెల్లటి మచ్చగా బయటికి కనిపిస్తుంది. ఇలాంటి ప్రయోగం ఎక్కడ చదివినా ముందు వెతకాల్సింది ఇదే: పిల్లల్ని ఎప్పుడు మార్చారు? రెండు రోజుల తర్వాత అని ఉంటే ఆ ఫలితాన్ని నేనైతే పక్కన పెడతాను.

1936లో బిట్నర్ ప్రకటించిన ఫలితంలో, పరాయి పాలు తాగిన హెచ్చు కూతుళ్ళలో కణితులు బాగా తగ్గాయి. ఇప్పుడు గళ్ళ దగ్గరికి రండి. ఈ పిల్లల అండం మారలేదు, గర్భం మారలేదు. మొదటి రెండు గళ్ళు కొట్టేయండి. పాలు, పెంపకం మిగిలాయి. తర్వాత హెచ్చు తల్లి పాలను విడిగా తీసి, ఆ తల్లి దగ్గర పెరగని పిల్లలకు ఎక్కించినా కణితులు రావడంతో నాలుగోదీ పోయింది.

నాకు అన్నిటికన్నా నచ్చేది తర్వాతి తరం సంగతి. పెంపుడు తల్లి దగ్గర పెరిగిన కూతురు పెద్దయ్యి, తన పిల్లలకు తానే పాలిస్తే వాటిలోనూ కణితులు తక్కువే. గొలుసు ఒకసారి తెగితే తెగినట్టే. జన్యువు ఇలా ప్రవర్తించదు. అలా తెగ్గొట్టిన సి3హెచ్ అనే హెచ్చు వంశానికి సి3హెచ్ఎఫ్ అని పేరు, ఆ చివరి 'ఎఫ్' పెంపుడు తల్లికి గుర్తు.

బిట్నర్ దాన్ని 'పాల ప్రభావం' అన్నాడే తప్ప అప్పుడే వైరస్ అనలేదు. గళ్ళు కొట్టేసే ప్రయోగం జబ్బు కారణం ఏ దారిన వచ్చిందో చెబుతుంది, వచ్చింది ఏమిటో చెప్పదు. అది ఆర్‌ఎన్‌ఏ వైరస్ అని, తనతో క్యాన్సర్ జన్యువేదీ తీసుకురాకుండా ఎలుక డీఎన్‌ఏలో దూరి పక్కనున్న జన్యువును అతిగా పనిచేయిస్తుందని తర్వాత తేలింది. అలాంటి జన్యువుల్లో మొదటిదాన్ని 1982లో నుస్సే, వార్మస్ అనే శాస్త్రవేత్తలు పట్టుకున్నారు. అది ఏడో పాఠం.

పాలిచ్చే తల్లులు ఇది చదివి కంగారు పడక్కర్లేదు. ఇది ఎలుకల కథ. మనుషుల రొమ్ము క్యాన్సర్‌కు ఇలాంటి వైరస్ కారణమని రుజువు కాలేదు. పైగా బిడ్డకు పాలివ్వడం వల్ల తల్లికి ఆ ముప్పు కొంత తగ్గుతుంది.

ఇంటిపని. ఆమ్‌స్టర్‌డామ్‌లో మ్యూల్‌బాక్ అనే పరిశోధకుడు పెంచిన జీఆర్ అనే వంశంలోనూ ఈ కణితులు ఎక్కువే, వాటి వెనక ఉన్నదీ ఈ జాతి వైరసే. కానీ పుట్టగానే పిల్లల్ని పెంపుడు తల్లికి మార్చినా కణితులు తగ్గలేదు. జీఆర్ తండ్రికి, తక్కువ వంశపు తల్లికి పుట్టిన కూతుళ్ళకూ వచ్చాయి. కొత్త పేజీలో మళ్ళీ నాలుగు గళ్ళు గీసి, ఐదో గడి అవసరమా, అవసరమైతే అందులో ఏం రాయాలో ఆలోచించండి. వైరస్ ఎలుక డీఎన్‌ఏలో దూరుతుందన్న మాట మరవకండి. జవాబు వచ్చే పాఠంలో.