రన్‌వే అంకెకీ గాలి దిశకీ పొంతన కుదరడం లేదా?

రెండో ప్రపంచ యుద్ధకాలపు బ్రిటిష్ బాంబర్ స్థావరాల రికార్డులు చదివేవాళ్లకీ, విమాన సిమ్యులేటర్ ఆటలో ఆనాటి దాడుల మిషన్లు తయారుచేసేవాళ్లకీ ఎదురయ్యే చిక్కులివి.

సమస్య: గాలి 240 డిగ్రీలు అని పెట్టి రన్‌వే 24 (చివరి సున్నా తీసేసిన 240 డిగ్రీలు) మీద దిగితే విమానం ఆగక రన్‌వే చివర దాటిపోతోంది.

కారణం: గాలిని అది వచ్చే దిక్కుతో చెబుతారు, రన్‌వేని విమానం వెళ్లే దిక్కుతో. గాలి 240 అంటే నైరుతి నుంచి వీస్తోందని, రన్‌వే 24 అంటే విమానం ముక్కు నైరుతికి ఉంటుందని. రెండు అంకెలూ దగ్గరగా ఉంటే ఎదురుగాలే, అదే కావాలి. అయితే కొన్ని మిషన్ ఎడిటర్లు గాలి పోయే దిక్కు అడుగుతాయి. అక్కడ 240 కొడితే వెనకగాలి తగులుతుంది.

దీన్ని తేలిగ్గా తీసుకోకండి. గాలిలో గంటకు 100 మైళ్లతో దిగే విమానానికి 20 మైళ్ల గాలి ఎదురైతే నేల మీద వేగం 80, వెనక నుంచి వస్తే 120. బ్రేకులు అణచాల్సిన శక్తి రెండింతలు దాటిపోతుంది.

పరిష్కారం: అలాంటి ఎడిటర్‌లో 180 తేడాతో, అంటే 060 అని ఇవ్వండి. తర్వాత విండ్‌సాక్ (గాలి దిశ చూపే గుడ్డ గొట్టం) చూడండి. విమానం దాని తోక వైపు నుంచి నోటి వైపుకి దిగాలి. సిగ్నల్ స్థలంలో (పైలట్లకు పైనుంచి కనబడేలా నేల మీద గుర్తులు పెట్టే చోట) తెల్లటి ‘టీ’ ఉంటే నిలువు గీత అడుగు నుంచి అడ్డగీత వైపుకి.

సమస్య: పాత లాగ్‌బుక్‌లో రన్‌వే 25, ఇప్పటి మ్యాప్‌లో 24. కాంక్రీటు మాత్రం అదే.

కారణం: రన్‌వే అంకె దిక్సూచి చూపే డిగ్రీల నుంచి వస్తుంది. దగ్గరి పదికి సవరించి చివరి సున్నా తీసేస్తారు. 1940ల్లో ఇంగ్లండ్‌లో దిక్సూచి అసలు ఉత్తరానికి సుమారు 10 డిగ్రీలు పడమరకు చూపేది, ఇప్పుడు ఆ తేడా దాదాపు లేదు. మ్యాప్ మీద 240 డిగ్రీల రన్‌వే అప్పటి దిక్సూచిలో 250.

పరిష్కారం: ఆ ఏడాది తేడానే కలపండి. నావిగేటర్ లాగ్‌లో గాలి సాధారణంగా అసలు ఉత్తరం లెక్కన ఉంటుంది, దాన్ని నేరుగా రన్‌వే అంకెతో పోల్చొద్దు.

సమస్య: 1943 మే 16 రాత్రి జర్మనీ డ్యాముల మీద దాడికి స్కాంప్టన్ స్థావరం నుంచి బయల్దేరిన లాంకాస్టర్ బాంబర్ల రన్‌వే అంకె ఎంత వెతికినా దొరకదు.

కారణం: అప్పటికి స్కాంప్టన్‌ది పచ్చిక మైదానమే. ఆ ఆగస్టులో, దాడి చేసిన 617 స్క్వాడ్రన్ కోనింగ్స్‌బీ స్థావరానికి మారాకే అక్కడ కాంక్రీటు వేశారు.

పరిష్కారం: తర్వాత వచ్చిన రన్‌వే 04/22ని (రెండు చివరల అంకెలు) ఆ రాత్రికి అంటగట్టకండి. పచ్చిక పెట్టి, గాలికి ఎదురుగా లేపండి.