లైబ్రరీలో పిల్లల వేసవి చదువు: చార్టు పీకేశాక నేర్చుకున్న పద్ధతి

మొదటి వేసవిలో నేను చేసిన తప్పుతోనే మొదలుపెడతాను. లైబ్రరీలో పిల్లల వేసవి చదువు నడిపే పని కొత్తగా నెత్తికెత్తుకున్నవాళ్లు చాలామంది అదే తప్పు చేస్తారు. 'ఎక్కువ పుస్తకాలు చదివినవాళ్లకు మొదటి బహుమతి' అని పిల్లల విభాగం గోడకు పెద్ద చార్టు అతికించాను. ఒక్కో పేరు ఎదురుగా నక్షత్రాలు. రెండో వారానికల్లా ఒక పాప రోజుకు ఎనిమిది పుస్తకాలు తిరిగివ్వడం మొదలుపెట్టింది. అన్నీ పన్నెండేసి పేజీలవి, బొమ్మ కింద ఒక్కో వాక్యం ఉండేవి. ఆ పిల్లను తప్పుపట్టడానికి లేదు. నేను లెక్కపెడతానన్నది పుస్తకాలనే కదా!

అదే చార్టులో ఒక అబ్బాయి పేరు పక్కన ఒక్కటంటే ఒక్కటే నక్షత్రం. ఓడల గురించిన లావుపాటి పుస్తకం ఒకటి పట్టుకుని, రోజుకు నాలుగైదు పేజీలు, పెదాలు కదుపుతూ చదివేవాడు. ఒకరోజు చార్టు ముందు నిలబడి పక్కవాళ్ల నక్షత్రాలు వేలితో లెక్కపెట్టుకున్నాడు. మర్నాడు ఆ పుస్తకాన్ని వాళ్లమ్మ తెచ్చిచ్చింది. వాడు మళ్లీ రాలేదు. పుస్తకం ర్యాకులో పెడుతుంటే 110వ పేజీ దగ్గర చిన్న కాగితం ముక్క కనిపించింది. ఆ ఏడాది పైవాళ్లకు పంపిన రిపోర్టులో మాత్రం నా అంకెలు బ్రహ్మాండంగా ఉన్నాయి.

చార్టు పీకేశాను. ఆ తర్వాతి వేసవి నుంచి లెక్కపెట్టేది రోజులనే. కార్డు మీద 30 గడులు, ఆరు వారాల వ్యవధి. ఒక రోజులో ఇరవై నిమిషాలు చదివితే ఒక గడి నింపుకోవచ్చు. రోజుకు ఒక గడే, రెండు గంటలు చదివినా సరే. బొమ్మల కథలు, కామిక్స్, క్రికెట్ పుస్తకం, పాత పుస్తకమే మూడోసారి, అమ్మ చదువుతుంటే వినడం, ఆడియో పుస్తకం, చెల్లికి చదివి వినిపించడం, అన్నీ లెక్కే. 'కామిక్స్ కూడా చదువేనా?' అని తల్లిదండ్రులు తప్పకుండా అడుగుతారు. అవునని చెప్పండి, గట్టిగా చెప్పండి. ముప్ఫై ఎక్కువనిపించే పిల్లలకు పదిహేను గడుల కార్డు ఇవ్వండి. ఏది కావాలో పిల్లలే ఎంచుకోవాలి, అమ్మానాన్నలు కాదు. కార్డులు గోడకెక్కకూడదు, ఎవరి కార్డు వాళ్ల దగ్గరే ఉండాలి. బ్రిటన్ లైబ్రరీల్లో 1999 నుంచి నడుస్తున్న సమ్మర్ రీడింగ్ చాలెంజ్‌లో పుస్తకాలే లెక్కపెడతారు. కానీ అక్కడ చాలా ఏళ్లపాటు గురి ఆరు పుస్తకాలే, అందరికీ అంతే. మొదటి స్థానం అన్న గొడవే రాదు. మీకు రోజుల లెక్క నచ్చకపోతే ఆ దారి పట్టండి.

బహుమతుల సంగతి జాగ్రత్త. 1973లో అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్త మార్క్ లెపర్, ఆయన సహచరులు చిన్నపిల్లలతో ఒక ప్రయోగం చేశారు. బొమ్మలు వేయడమంటే ముందే ఇష్టం ఉన్న పిల్లల్లో కొందరికి, వేస్తే మెచ్చుకోలు పత్రం ఇస్తామని ముందుగా ఆశ చూపించారు. తర్వాత వాళ్ల మానాన వాళ్లను వదిలేస్తే, ఆ పిల్లలు మిగతావాళ్లకన్నా బాగా తక్కువసేపు బొమ్మలు వేశారు. ఇష్టమైన పని కాస్తా కూలిపని అయిపోయిందన్నమాట. అలాగని బహుమతే వద్దంటే పిల్లలు ఊరుకోరు, మనకూ మనసొప్పదు. నేను చేసేది ఇది: కార్డు నింపిన ప్రతి ఒక్కరికీ ఒక పుస్తకం, బల్ల మీద పరిచినవాటిలోంచి తనకు నచ్చింది, ఇంటికి తీసుకెళ్లి ఉంచేసుకునేలా. అట్ట లోపల పేరు రాసి స్టాంపు వేస్తాం. 'ఇది తిరిగి ఇవ్వక్కర్లేదా మేడమ్?' అని రెండు మూడుసార్లు అడుగుతారు. సైకిళ్లు, ట్యాబులు ఇస్తామని ఎవరైనా దాతలు ముందుకొస్తే, దండం పెట్టి ఆ డబ్బుతో పుస్తకాలే కొనిపెట్టమనండి.

ఇక అసలు పని కౌంటర్ దగ్గర. పాప కార్డు తెచ్చి చూపించినప్పుడు మీరు ఆ పిల్లతో మాట్లాడే రెండు నిమిషాలకే ఈ కార్యక్రమమంతా. బ్యానర్లు, టోపీలు, ప్రారంభోత్సవం అన్నీ ఆ రెండు నిమిషాల దాకా పిల్లల్ని తీసుకురావడానికే. అక్కడికి వచ్చాక మనం ఏం చేస్తాం? స్టాంపు గుద్ది 'నెక్స్ట్' అంటాం. లేదంటే 'ఈ కథలో నీతి ఏమిటి?' అని పరీక్ష పెడతాం. ఆ ప్రశ్న వినగానే పిల్లల మొహం ఎలా మారుతుందో ఒకసారి గమనించండి, తరగతి గదిలో బెంచీ మీద లేచి నిలబడ్డట్టు అయిపోతారు. నేను అడిగేవి వేరే: 'ఎవరి మీద కోపమొచ్చింది?' 'ఏ బొమ్మ దగ్గర ఆగిపోయావు?' 'ఇది మీ తమ్ముడికి ఇవ్వొచ్చా, భయపడతాడా?' ఒకసారి ఒక పిల్లాడిని 'పుస్తకం ఎలా ఉంది?' అంటే 'బాలేదు' అన్నాడు. ఎక్కడ బాలేదని అడిగాను. కుక్క తప్పిపోతుంది, ఎవరూ వెతకరు, అందరూ భోజనానికి కూర్చుంటారు అని మండిపడ్డాడు. చదవని పిల్లాడు ఆ మాట అనలేడు. మరి ఎవరైనా కుక్కను వెతికే కథ కావాలా అంటే తల ఊపాడు. ఆ వేసవిలో కుక్కల పుస్తకాలన్నీ తిరగేశాడు.

అందుకని రద్దీ వేళ కౌంటర్ దగ్గర ఇద్దరుండాలి. ఒకరు పుస్తకాల ఇచ్చిపుచ్చుకోళ్లు చూస్తే, రెండోవారు పక్కన చిన్న స్టూలు వేసుకుని పిల్లల ఎత్తులో కూర్చుని మాట్లాడాలి. మనిషి దొరకకపోతే మిగతా హంగులు తగ్గించుకోండి, ఈ స్టూలు మాత్రం తీయొద్దు.

పుస్తకాల అమరిక మీద ఒక పూట ఖర్చుపెట్టండి. ర్యాకులో వరసగా కుక్కిన పుస్తకాల వెన్నులు పిల్లలకు ఏమీ చెప్పవు, సన్నటి పుస్తకాలైతే పేరు కూడా కనపడదు. అట్ట బయటికి కనిపించేలా తిప్పి నిలబెట్టండి. ఏళ్ల తరబడి ఎవరూ తీయని ఒక సాలెపురుగుల పుస్తకాన్ని ఇలా తిప్పి పెడితే సాయంత్రానికల్లా ఇంటికెళ్లిపోయింది. 'ప్రతి పాఠకుడికీ తన పుస్తకం, ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు' అన్నవి మన గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ 1931లో రాసిన అయిదు గ్రంథాలయ సూత్రాల్లో రెండూ మూడూ. మూడోది ఇలా మణికట్టు తిప్పినంత సులువుగా అమలవుతుందని ఆ రోజు తెలిసింది. ఖాళీ అయిన చోట వెంటనే మరొకటి పెట్టే పని వాలంటీరుకు అప్పగించండి.

పుస్తకం తన స్థాయికి తగిందో లేదో చూసుకోవడానికి పిల్లలకు అయిదు వేళ్ల లెక్క నేర్పండి. ఏదో ఒక పేజీ తెరిచి చదవాలి, తెలియని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు ముడవాలి. చెయ్యంతా ముడుచుకుపోతే ఆ పుస్తకం ఇప్పటికి కష్టం. అయినా అదే కావాలని పట్టుబడితే ఇచ్చేయండి. ఓడల అబ్బాయి అలాంటివాడే.

ముందస్తు పనులు పెద్దగా చెప్పుకోవడానికేం లేదు. మూడు నెలల ముందు తేదీలు ఖాయం చేసుకోండి, సెలవులకు రెండు వారాల ముందు బడులకు వెళ్లండి. కరపత్రాలు పంచితే సంచుల అడుగునే నలిగిపోతాయి. దాని బదులు మంచి కథ ఒకటి చదివి, సరిగ్గా తలుపు చప్పుడయ్యే చోట ఆపి, 'మిగతాది లైబ్రరీలో' అని వచ్చేయండి. దరఖాస్తు అర పేజీ దాటకూడదు: పేరు, వయసు, పెద్దవాళ్ల ఫోన్ నంబరు, ఏమంటే ఇష్టం. మార్కులు అడగొద్దు. పేరు మాత్రం పిల్లలే రాయాలి, వంకరటింకరగా వచ్చినా సరే.

పాత ఫైన్లు ఉన్న పిల్లల్ని గడప దగ్గరే ఆపేయకండి. పోయిన ఏడాది పుస్తకం పోగొట్టుకున్న ఇంటివాళ్లు మొహం చాటేస్తారు, అన్నతోపాటు చెల్లీ రావడం మానేస్తుంది. ఆలస్యపు జరిమానాలు సమాజంలో అసమానతను పెంచుతున్నాయని అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ 2019లో తీర్మానమే చేసింది. మీకు రద్దు చేసే అధికారం లేకపోతే, కనీసం ఈ ఆరు వారాలూ పిల్లల లైబ్రరీ కార్డుల మీద ఫైన్లు పక్కన పెట్టడానికి రాతపూర్వకంగా అనుమతి తెచ్చుకోండి. నోటిమాట అనుమతి ఆడిట్ రోజున ఎవరికీ గుర్తుండదు.

చదవడం సరిగా రాని పిల్లలు ప్రతి ఏడూ వస్తారు. పదేళ్లొచ్చినా అక్షరాలు కూడబలుక్కుంటారు, పక్కవాళ్లు వింటారని సిగ్గు. 1999లో అమెరికాలోని సాల్ట్‌లేక్ సిటీలో ఇలాంటి పిల్లల కోసం శిక్షణ పొందిన కుక్కలకు చదివి వినిపించే ఏర్పాటు మొదలుపెట్టారు. కుక్క తప్పులు దిద్దదు, నవ్వదు. మా దగ్గర కుక్కకు అనుమతి ఎక్కడిది? గుడ్డ ఎలుగుబంటి ఒకటి మూల చాప మీద కూర్చుని ఉంటుంది. 'దీనికి ఈ కథ తెలీదట' అంటే చాలు, చదువుతారు. మీరు మాత్రం అటు చూడనట్టే ఉండండి.

కథా సమయం అరగంట మించనీయొద్దు. పుస్తకాన్ని చెంప పక్కగా, బొమ్మలు పిల్లల వైపుకు పెట్టి పట్టుకోవాలి. అలా పట్టుకుని పక్కచూపుతో చదవడం అలవాటయ్యేదాకా ఇంట్లో అద్దం ముందు సాధన చేయండి. పిల్లలున్న గదిలో ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి, ఎవరు తీసుకెళ్తారో పేరు ముందే రాసుకోవాలి. ఇందులో మొహమాటం వద్దు.

మూడో వారంలో జనం పలచబడతారు. మొదటి ఏడు నాకు చాలా టెన్షన్ పట్టుకుంది, పిల్లలకు విసుగొచ్చిందేమోనని. విసుగు కాదు, ఊళ్లకు వెళ్తారు. వెళ్లేముందే కార్డుతోపాటు నాలుగు పుస్తకాలు ఎక్కువ ఇచ్చి పంపండి. తిరిగొచ్చాక 'ఇన్ని రోజులు ఖాళీగా ఉన్నాయేం?' అని అడగకుండా, ఉన్న గడుల నుంచే లెక్క కొనసాగించండి.

చివరి రోజున కార్డు నిండని పిల్లలు కూడా వస్తారు, తలుపు దగ్గరే తచ్చాడుతూ. వాళ్లను లోపలికి పిలిచి కార్డు తీసుకుని, ఇంకో రెండు వారాలు గడువని వెనక రాసివ్వండి. ఉపన్యాసాలకు సమయం మిగల్చొద్దు.

రిపోర్టులో చేరినవాళ్లెందరు, పూర్తిచేసినవాళ్లెందరు అని పైవాళ్లు అడిగినవి రాసి పంపండి. నా రిజిస్టరులో నేను వేరే గీత గీసుకుంటాను: బడులు తెరిచిన నెల తర్వాత, బహుమతి లేదు, కార్డు లేదు, అయినా వచ్చి పుస్తకం తీసుకెళ్లిన పిల్లల పేర్లు. మొదటి ఏడు అందులో ఎనిమిది పుస్తకాల పాప లేదు. పోయిన ఏడు ఆ గీత కింద పేర్లు పేజీ దాటి రెండో పేజీకి వచ్చాయి.