రోజూ నడిచే దారిలోనే పక్షుల్ని చూడటం ఎలా

పక్షుల్ని చూడాలంటే అడవికో చెరువుకో పోవాలనుకుంటాం గానీ శరదృతువులో మన వీధి చాలు, ఎందుకంటే ఈ టైంలో బోలెడు పక్షులు ప్రయాణంలో ఉంటాయి, మీరున్న చోటుని బట్టి కొన్ని వెళ్ళిపోతుంటాయి, కొన్ని వస్తుంటాయి, కొన్ని ఒక్క పూట ఆగి పోతాయి. వలస పోయే చిన్న పిట్టల్లో చాలావరకు రాత్రుళ్ళు ఎగిరి, తెల్లారేసరికి ఆకలి మీద ఏదో ఒక చెట్టున దిగుతాయి. అందుకే పొద్దున మొదటి రెండు గంటలు వదులుకోకండి. ఈ నెలల్లో సూర్యుడు కాస్త లేటుగానే లేస్తాడు కాబట్టి నాలాంటి బద్ధకస్తులకి కూడా ఇబ్బంది లేదు.

రోజుకో రూట్ మాత్రం వద్దు. ఒకే దారిలో ఓ పది రోజులు తిరిగితే ఏ తీగ మీద ఏ పిట్ట కూర్చుంటుందో తెలిసిపోతుంది, ఆ తర్వాత ఏది కొత్తగా ఉన్నా కన్ను దానంతటదే అక్కడ ఆగుతుంది. పళ్ళున్న చెట్టు, నీళ్ళు నిలిచే చోటు, గుబురు పొద, ఇలా రెండు మూడు చోట్ల ఐదేసి నిమిషాలు కదలకుండా నిలబడండి, కుదిరితే ఎండ మీ వీపున పడేలా, లేకపోతే పిట్ట బదులు నల్లటి నీడ కనిపిస్తుంది.

చెవులు కూడా వాడాలండోయ్. నేను నెలల తరబడి ఒక ముసలి చెట్టు కింద నుంచే నడిచా, ఒకరోజు చిన్న పిట్టలన్నీ దాని చుట్టూ చేరి ఒకటే గోల, కింద చూస్తే కాండం మీద తెల్లటి రెట్ట చారలు, పైకి చూస్తే తొర్రలో బెరడు రంగులోనే ఒక గుడ్లగూబ కళ్ళు సగం మూసుకుని కూర్చుంది! పిట్టలు అలా గోల పెడుతున్నాయంటే గుడ్లగూబో, డేగో, పిల్లో, పామో దగ్గర్లో ఉందని అర్థం.

పేరు కోసం తొందరపడొద్దు. ముందు సైజు చూడండి, పిచ్చుకంతా, గోరింకంతా, కాకంతా అని. తర్వాత ముక్కు, తోక ఆడించే తీరు. రంగుని చివర్లో నమ్మండి, ఎందుకంటే ఈ సీజన్లో చాలా పక్షులు పాత ఈకలు రాల్చి కొత్తవి వేసుకుంటాయి, ఆ ఏడాది పిల్లలేమో పెద్దవాటిలా ఉండవు, పుస్తకంలో బొమ్మకీ ఎదురుగా ఉన్నదానికీ పొంతనే ఉండదు. మెర్లిన్ యాప్ ఫ్రీనే, కూత విని పేరు చెప్తుంది, కానీ అప్పుడప్పుడు తప్పు చెప్తుంది కాబట్టి కంటితో చూశాకే ఒప్పుకోండి. రికార్డు చేసిన కూతలు ప్లే చేసి పిలవడం మాత్రం నాకు నచ్చదు, పాపం వాటి టైమూ ఓపికా వేస్టు.

బైనాక్యులర్ కొంటే 8x42 చాలు, 8 రెట్లు పెద్దగా చూపిస్తుంది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు. ఇంకా పవర్ ఎక్కువైతే చేతి వణుకూ పెద్దగా కనిపిస్తుంది. పిట్ట మీద నుంచి చూపు తిప్పకుండా బైనాక్యులర్‌ని కళ్ళ దగ్గరికి తెచ్చుకోవాలి, అందరూ దీన్నే రివర్స్‌లో చేసి ఆకుల్లో వెతుక్కుంటారు.

పిట్టలు లేని రోజు సాలెగూళ్ళు చూడండి, మంచు పడ్డ పొద్దున ప్రతి దారం మీదా చుక్కలు నిలిచి గూడంతా బయటపడుతుంది. ఆకులు రాలిన చెట్లలో పాత పిట్టగూళ్ళు కనిపిస్తాయి, వాటిని తీయకండి.

ఇంటికొచ్చాక మర్చిపోకముందే రెండు ముక్కలు రాసుకోండి. "6:40, మూల మీది తీగ, వానకోవెలలు 14, ఈకలు సర్దుకుంటున్నాయి", అంతే. వారం తర్వాత అదే తీగ ఖాళీగా ఉంటే అదీ రాయండి, సున్నా అని.