డిగ్రీ విద్యార్థులను టీచర్ వృత్తిలోకి రప్పించే ప్రచారం ఎలా నడపాలి?

ఎడ్‌సెట్ (టీచర్ శిక్షణ డిగ్రీ అయిన బీఈడీలో చేరేందుకు ప్రవేశ పరీక్ష) నోటిఫికేషన్ వచ్చాక ప్రచారం మొదలుపెడితే ఆలస్యమే. అప్పటికే చాలామంది ఎంబీఏకో బ్యాంకు కోచింగ్‌కో మనసు పెట్టేసి ఉంటారు. ఐదో సెమిస్టర్‌లోనే కదలండి.

"గురువు దైవసమానం" అనే పోస్టర్లు వద్దు. లెక్కలు, ఫిజిక్స్ చదివేవాళ్లకు కావాల్సింది దారి. ఒకే పేజీ కరపత్రంలో అది కనబడాలి: డిగ్రీలో 50 శాతం మార్కులు (రిజర్వేషన్ వర్గాలకు 40), ఎడ్‌సెట్, రెండేళ్ల బీఈడీ, టెట్ (టీచర్ అర్హత పరీక్ష), డీఎస్సీ (ప్రభుత్వ టీచర్ పోస్టుల నియామక పరీక్ష). టెట్‌లో 150కి జనరల్‌ వాళ్లకు 90, బీసీలకు 75, ఎస్సీ, ఎస్టీలకు 60 రావాలి. ఆ అర్హత జీవితాంతం చెల్లుతుంది. డీఎస్సీలో టెట్ మార్కులకు 20 శాతం వెయిటేజీ కూడా ఉంటుంది.

ఎక్కువ ప్రచారాలు దెబ్బతినేది అతిగా ఆశపెట్టడం వల్లే. బీఈడీ చేస్తే ఏ టీచర్ పోస్టైనా వస్తుందనకండి. 2023 సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ఎస్జీటీ (ప్రాథమిక తరగతుల టీచర్) పోస్టులు డీఎడ్ (ప్రాథమిక టీచర్ శిక్షణ డిప్లొమా) వాళ్లవే. బీఈడీ వాళ్లది స్కూల్ అసిస్టెంట్ (హైస్కూల్ సబ్జెక్టు టీచర్) దారి. డీఎస్సీ ఏటా రాదన్న సంగతీ దాచకండి. తర్వాత తెలిస్తే మీ మాట ఎవరూ నమ్మరు.

అన్నిటికన్నా బాగా పనిచేసేది పాఠం చెప్పించడం. హెడ్మాస్టర్ అనుమతితో దగ్గరి జడ్పీ హైస్కూల్‌కు పదిమందిని తీసుకెళ్లి, ఎనిమిదో తరగతికి ఇరవై నిమిషాలు ఇద్దరిద్దరితో చెప్పించండి. ఒంటరిగా నిలబెడితే బెదిరిపోతారు. ఉపన్యాసంతో కదలనివాళ్లు పిల్లల ప్రశ్నలతో కదులుతారు.

అదే రోజు ఫోన్ నంబర్లు రాసుకుని వాట్సాప్ గ్రూపు పెట్టండి. దరఖాస్తు గడువుకు వారం ముందు ఒక్కొక్కరికీ ఫోన్ చేయండి. చివరికి లెక్కపెట్టాల్సింది లైకులు కాదు, నిండిన దరఖాస్తులు.