సర్వర్‌కు గ్రాఫిక్స్ కార్డులు పెట్టి ఎక్కువ మానిటర్లు నడపడం ఎలా?

చాలా సర్వర్లకు వెనక ఒక వీజీఏ పోర్టు ఉంటుంది. దాన్ని నడిపేది సర్వర్‌ను దూరం నుంచి చూసుకోవడానికి మదర్‌బోర్డు మీద పెట్టే చిన్న చిప్. ఆస్పీడ్, మేట్రాక్స్ జీ200 లాంటివి ఆ కోవలోవే. ఓఎస్ వేసేటప్పుడు తెర చూసుకోవడానికి అది చాలు. నాలుగైదు మానిటర్ల మీద కెమెరా దృశ్యాలో గ్రాఫులో చూపించాలంటే మాత్రం విడిగా గ్రాఫిక్స్ కార్డు కావాలి.

చాలామంది ముందు కార్డు కొని, ఆ తర్వాత సర్వర్ మూత తీస్తారు. ఆ పని తిరగేసి చేయండి.

ముందు స్లాట్లు చూడండి

మూత తీసి నాలుగు విషయాలు కాగితం మీద రాసుకోండి.

మొదటిది, స్లాట్ (మదర్‌బోర్డు మీద కార్డు గుచ్చే చోటు) పొడవు. ఎక్స్4, ఎక్స్8, ఎక్స్16 అనేవి స్లాట్ సైజులు, అంకె పెరిగేకొద్దీ పొడవూ వేగమూ ఎక్కువ. గ్రాఫిక్స్ కార్డులు ఎక్కువగా ఎక్స్16 సైజులో వస్తాయి. ఎక్స్8 స్లాట్ చివర మూసి ఉంటే అవి అందులో దిగవు. చివర తెరిచి ఉన్నా, పొడవుగా ఉండి లోపల ఎక్స్8, ఎక్స్4 వైరింగే ఉన్నా పని జరుగుతుంది. మామూలు డెస్క్‌టాప్ చూపించడానికి ఎక్స్4 వేగం కూడా సరిపోతుంది.

రెండోది, కరెంటు. పీసీఐ ఎక్స్‌ప్రెస్ (ఈ స్లాట్ల రకం పేరు) ఎక్స్16 స్లాట్ గరిష్ఠంగా 75 వాట్లు ఇవ్వగలదు. కానీ కొన్ని సర్వర్లలో స్లాట్‌కు 25 వాట్లే ఇస్తారు. మాన్యువల్‌లో చూడకుండా ముందుకెళ్లకండి.

మూడోది, ఎత్తు. 2యూ సర్వర్లలో (ర్యాక్‌లో రెండు యూనిట్ల ఎత్తుండేవి) చాలా స్లాట్లు సగం ఎత్తువే. వాటికి లో ప్రొఫైల్ కార్డు, దానికి తగ్గ చిన్న బ్రాకెట్ ఉండాలి.

నాలుగోది, ఆ స్లాట్ ఏ సీపీయూకి కలిసి ఉందో. నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఇదే. రెండు సాకెట్ల సర్వర్‌లో కొన్ని స్లాట్లు రెండో సీపీయూకి కలిసి ఉంటాయి. ఆ సాకెట్ ఖాళీగా ఉంటే ఆ స్లాట్లు పనిచేయవు. నేను ఒకసారి కార్డే పాడైందనుకుని సగం రోజు పోగొట్టుకున్నాను. పక్క స్లాట్‌లోకి మార్చగానే అది పనిచేసింది.

కార్డు ఎంపిక

పెద్ద కార్డు వద్దు. ఎక్కువ పోర్టులు, తక్కువ వాట్లు ఉన్నది చూడండి. ఎన్‌విడియా టీ400కి మూడు మినీ డిస్‌ప్లేపోర్టులు ఉంటాయి, అది 30 వాట్లు వాడుతుంది. టీ1000కి నాలుగు, 50 వాట్లు. ఈ రెండూ లో ప్రొఫైల్ కార్డులే. పాతదైన ఎన్‌వీఎస్ 810 అయితే ఎనిమిది పోర్టులతో 68 వాట్లు వాడుతుంది. టెస్లా టీ4 లాంటివి లెక్కల పనికి చేసిన కార్డులు. వాటికి మానిటర్ పోర్టే ఉండదు కాబట్టి ఈ పనికి పనికిరావు.

ఇవన్నీ స్లాట్ కరెంటుతోనే నడుస్తాయి, విడి పవర్ కేబుల్ అక్కర్లేదు. కేబుల్ కావాల్సిన కార్డే కొంటే ఒక్క జాగ్రత్త. సీపీయూకి వెళ్లే 8 పిన్ ప్లగ్, గ్రాఫిక్స్ 8 పిన్ ప్లగ్ చూడ్డానికి దగ్గరగా ఉన్నా వైర్ల వరస వేరు. ఒకదాన్ని ఇంకోచోట గుచ్చితే షార్ట్ అవుతుంది. ఆ సర్వర్ మోడల్‌కి తయారీదారు చెప్పిన కేబులే వాడండి.

బిగించడం

సర్వర్‌ను షట్‌డౌన్ చేసి పవర్ కేబుళ్లన్నీ పీకేయండి. పవర్ సప్లైలు రెండుంటే రెండింటివీ పీకాలి. పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి, మిగిలిన కరెంటు పోనివ్వండి. ఛాసిస్ లోహాన్ని తాకి, కార్డును అంచులు పట్టుకుని సూటిగా నొక్కి, స్క్రూ బిగించండి. గాలిని మళ్లించే ప్లాస్టిక్ కవర్‌ను మళ్లీ దాని చోట పెట్టడం మరవద్దు. కొన్ని సర్వర్లు తెలియని కార్డు కనిపిస్తే ఫ్యాన్లను గట్టిగా తిప్పుతాయి. ఆ హోరు విని టెన్షన్ పడక్కర్లేదు.

బయోస్, డ్రైవర్లు

బయోస్‌లో (సర్వర్ ఆన్ చేయగానే వచ్చే సెటప్) మదర్‌బోర్డు మీది పాత వీజీఏ చిప్‌ను పూర్తిగా ఆపేసే ఆప్షన్ ఉండొచ్చు. ఆపకండి. ఆపితే దూరం నుంచి చూసే కన్సోల్ నల్లబడిపోతుంది.

విండోస్ సర్వర్ అయితే డెస్క్‌టాప్ ఎక్స్‌పీరియన్స్‌తో (మామూలు విండోస్ తెర ఉండే రకం) వేసి ఉండాలి. 2016 వెర్షన్ నుంచి కోర్‌ను (ఆ డెస్క్‌టాప్ లేని రకం) తర్వాత డెస్క్‌టాప్‌గా మార్చడం కుదరదు. డ్రైవర్ వేశాక డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో ఆ పాత చిప్ కూడా ఒక మానిటర్‌లా కనిపించొచ్చు. మౌస్ కనిపించని తెరలోకి వెళ్లిపోతుంటే కారణం అదే. అక్కడే ఆ తెరను డిస్‌కనెక్ట్ చేయండి.

లినక్స్‌లో ముందు ఎల్‌ఎస్‌పీసీఐ (lspci) కమాండ్‌తో కార్డు కనిపిస్తోందో లేదో చూడండి. కనిపిస్తున్నా ఒకటే తెర వస్తుంటే, బూట్ లైన్‌లో (లినక్స్ మొదలయ్యేటప్పుడు దానికిచ్చే ఆప్షన్ల వరస) నోమోడ్‌సెట్ (nomodeset) అనే మాట మిగిలిపోయిందేమో వెతికి తీసేయండి. వీలైతే మానిటర్లన్నీ ఒకే కార్డుకు పెట్టండి. రెండు కార్డులైతే డ్రైవర్‌ను బట్టి విండోను ఒక తెర నుంచి ఇంకో తెరకు లాగడం కుదరకపోవచ్చు.

మానిటర్లు కలపడం

ఒక్కొక్కటిగా కలపండి. మొదటిది వచ్చాకే రెండోది. వీజీఏ మానిటర్ ఉంటే యాక్టివ్ అడాప్టర్ కావాలి.

అన్నీ వచ్చాక మానిటర్లన్నీ ఆపేసి సర్వర్‌ను రీస్టార్ట్ చేయండి. తర్వాత మానిటర్లు ఆన్ చేసినప్పుడు తెరల వరస చెదిరిపోయి ఉంటే, కార్డు బూట్ సమయంలో మానిటర్ల వివరాలు చదవలేకపోయిందని అర్థం. ఎన్‌విడియా ప్రొఫెషనల్ కార్డులకు విండోస్ డ్రైవర్‌లో ఈడీఐడీ అనే ఆ మానిటర్ వివరాలను ఫైల్‌గా దాచి, మళ్లీ లోడ్ చేసే వీలుంది. అది చేసి ఇంకోసారి రీస్టార్ట్ చేసి చూశాకే సర్వర్‌ను ర్యాక్‌లోకి తోయండి.