పదో తరగతి ఇంగ్లీషుకు ఇంట్లోనే పరీక్ష – 3వ పాఠం: క్లోజ్ కాగితం

బెంగళూరులో పదో తరగతి పిల్లాడికి ఇంగ్లీషులో ఎన్నొచ్చాయని అడిగే ముందు, ఎన్నింటికి అని అడగాలి. కర్ణాటక ఎస్సెల్సీలో ఇంగ్లీషు ఫస్ట్ లాంగ్వేజ్‌గా తీసుకుంటే 125కి, సెకండ్ లాంగ్వేజ్‌గా తీసుకుంటే 100కి. పక్క ఫ్లాట్‌లో సీబీఎస్ఈ చదివే అమ్మాయికి రాతపరీక్ష 80కి, మిగతా 20 బడి చేతిలో. ఒకే అపార్ట్‌మెంట్‌లో, ఒకే ట్యూషన్‌కి వచ్చే ముగ్గురు పిల్లల మార్కులు పక్కపక్కన పెట్టి పోల్చడానికి వీల్లేదు. పైగా ఆ మార్కుల్లో పెద్ద వాటా పుస్తకంలోని పాఠాలదీ పద్యాలదీ. క్వశ్చన్ బ్యాంక్ నాలుగుసార్లు తిరగేసినవాడికి అవి వచ్చేస్తాయి. ఇదంతా మొదటి పాఠంలో చూశాం. రెండో పాఠంలో డిక్టేషన్‌తో వినికిడిని పరీక్షించాం. ఈసారి చదివి అర్థం చేసుకోవడం.

దీనికి అన్‌సీన్ ప్యాసేజ్ ఇచ్చి కింద ప్రశ్నలు వెయ్యొచ్చు కదా అంటారు. వెయ్యొచ్చు. కానీ మంచి ప్రశ్నలు రాయడం చాలా కష్టం. ప్రశ్నలో ఉన్న మాటను ప్యాసేజ్‌లో వెతికి, ఆ వాక్యం మొత్తం ఎత్తి రాసేస్తే సగం మార్కులు పడిపోతాయని పిల్లలకు ఏడో తరగతి నుంచే తెలుసు. ఆ వాక్యం అర్థమైందో లేదో మనకు మాత్రం తెలియదు. అందుకే ప్రశ్నలు రాయాల్సిన పనే లేని పద్ధతి ఒకటి నేర్చుకుందాం. దాని పేరు క్లోజ్ (cloze).

1953లో విల్సన్ టేలర్ అనే అమెరికన్ దీన్ని కనిపెట్టాడు. ఆయన ఉద్దేశం పిల్లల్ని పరీక్షించడం కాదు, రాసిన విషయం చదవడానికి తేలికగా ఉందా కష్టంగా ఉందా అని కొలవడం. లెక్కగా ప్రతి అయిదో మాటో, ఏడో మాటో తీసేసి అక్కడ ఖాళీ వదలాలి. చదివేవాళ్లు ఎన్ని ఖాళీలు పూరించగలిగితే ఆ రచన వాళ్లకు అంత తేలిక. తర్వాతి రోజుల్లో భాషా పరీక్షలవాళ్లు దీన్ని తిప్పి వాడుకున్నారు: రచన అదే, మనుషులు వేరు, ఎవరు ఎక్కువ పూరిస్తారో చూద్దాం అని. 1970లలో జాన్ ఆలర్ లాంటివాళ్లు ఒక్క క్లోజ్‌తో భాష మొత్తాన్నీ కొలిచేయొచ్చని కూడా వాదించారు. ఆ వాదన నిలవలేదు. పిల్లాడు ఎలా మాట్లాడతాడో దీంతో తెలియదు. చదవడం మాత్రం బాగానే తెలుస్తుంది.

కాగితం తయారు చేయడం

ముందు రచన దొరకాలి. పాఠ్యపుస్తకంలోది వద్దు, పేపర్లో ఎడిటోరియల్ వద్దు. క్రికెట్ వార్త ఆడేవాడికి తేలిక, చూడని అమ్మాయికి కష్టం, కాబట్టి అదీ వద్దు. పేర్లూ అంకెలూ తక్కువగా ఉండి, ఒక చిన్న సంగతిని మొదలూ చివరా ఉండేలా చెప్పిన పేజీ కావాలి. బెంగళూరుకు చెందిన ప్రథమ్ బుక్స్‌వాళ్లు 2015 నుంచి నడుపుతున్న స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో కథలు ఉచితంగా దొరుకుతాయి, స్థాయిల వారీగా ఉంటాయి. పదో తరగతికి నాలుగో స్థాయి కథలు సరిపోతాయి. పిల్లలు "ఇవి చిన్నపిల్లల కథలు సార్" అని మొహం చిట్లిస్తారు. చిట్లించనివ్వండి, ఖాళీలు పెట్టాక ఆ మొహం మారుతుంది.

రెండు వందల యాభై మాటలున్న భాగం తీసుకోండి. మొదటి వాక్యాన్నీ చివరి వాక్యాన్నీ ముట్టుకోకూడదు. మధ్యలో ప్రతి ఏడో మాట కొట్టేసి, అన్ని చోట్లా ఒకే పొడవున్న గీత పెట్టండి. పెద్ద మాటకు పెద్ద గీత, చిన్న మాటకు చిన్న గీత పెడితే జవాబు సగం మీరే చెప్పేసినట్టు. మాట ఏదైనా సరే, లెక్క ప్రకారం వచ్చిందే కొట్టేయాలి. "ఇది మరీ తేలిక, దీన్ని వదిలేసి పక్కది తీస్తా" అనిపిస్తుంది, ఆగండి. మీకు నచ్చిన మాటలు తీయడం మొదలుపెడితే అది మీ గ్రామర్ టెస్ట్ అవుతుంది, చదవడం కొలిచే పరీక్ష అవ్వదు. మనిషి పేరో, సంవత్సరమో లెక్కలో వస్తే మాత్రం దాన్ని వదిలి తర్వాతి మాట తీయండి. అది చదివి ఊహించగలిగేది కాదు కాబట్టి.

నమూనాకు ఒక చిన్న ముక్క. అచ్చు వీలు కోసం తెలుగు లిపిలో ఇస్తున్నాను, పిల్లలకు ఇంగ్లీషు లిపిలోనే రాసివ్వాలి. ముక్క చిన్నది కాబట్టి ఇక్కడ మొదటి వాక్యం ఒక్కటే వదిలి, రెండో వాక్యంలో ఆరో మాట దగ్గర మొదలుపెట్టి అక్కణ్నుంచి ప్రతి ఏడో మాటా తీశాను.

*అవర్ బిల్డింగ్ హాజ్ ఎ వాటర్ ట్యాంక్ ఆన్ ద రూఫ్. ఎవ్రీ మార్నింగ్ ద వాచ్‌మన్ స్విచెస్ 1.____ ద మోటర్ ఎట్ ఫైవ్ అండ్ వెయిట్స్ 2.____ ద ట్యాంక్ టు ఫిల్. లాస్ట్ సండే 3.____ ఫెల్ అస్లీప్ ఇన్ హిజ్ చెయిర్. బై 4.____ టైమ్ మై మదర్ హర్డ్ ద నాయిజ్, 5.____ వజ్ రన్నింగ్ డౌన్ ద స్టెయిర్స్ అండ్ 6.____ చిల్డ్రన్ వర్ జంపింగ్ ఇన్ ఇట్. నోబడీ 7.____ హిమ్, బికాజ్ హి హాడ్ బీన్ అవేక్ 8.____ నైట్ విత్ ఎ సిక్ డాగ్.*

కిందికి వెళ్లకముందు మీరే ఒకసారి పూరించి చూడండి.

అసలు మాటలు వరుసగా ఇవి: ఆన్, ఫర్, హి, ద, వాటర్, ద, స్కోల్డెడ్, ఆల్.

తప్పులు చదవడం

మార్కులు వేయడం ఎవరైనా చేస్తారు. పిల్లాడు ఖాళీలో ఏం రాశాడో చూసి అలా ఎందుకు రాశాడో పట్టుకోవడంలోనే మన పని ఉంది. అందుకని ఈ ఎనిమిదిట్లో కొన్నింటి దగ్గర కాస్త ఆగుదాం.

రెండో ఖాళీలో మన తెలుగు పిల్లలు 'అంటిల్' అనో 'టిల్' అనో రాసే అవకాశం ఎక్కువ. ఇంట్లో మనం అనేది "ట్యాంకు నిండేదాకా చూస్తాడు" అనే కదా. పిల్లాడికి కథ అర్థమైంది, వాచ్‌మన్ ఏం చేస్తున్నాడో తెలుసు. వెనకాల 'టు ఫిల్' ఉందని మాత్రం చూసుకోలేదు. దీన్ని అర్థం కాని తప్పు కింద లెక్కేస్తే వాడికి అన్యాయం. వీడికి కావాల్సింది కథలు ఇంకా చదవడం, డిక్షనరీ కాదు.

ఏడో ఖాళీలో 'షౌటెడ్' వస్తే అదీ ఇలాంటిదే. తెలుగులో ఎవరి మీదైనా అరుస్తాం, ఇంగ్లీషులో ఆ 'మీద' కోసం 'ఎట్' కావాలి, ఖాళీలో దానికి చోటు లేదు. 'బ్లేమ్డ్' రాస్తే పూర్తిగా సరే. 'హెల్ప్‌డ్' రాస్తే? వ్యాకరణం బాగానే కుదిరింది, అర్థం కుదరలేదు. కుక్క కోసం రాత్రంతా మేలుకున్నాడు కాబట్టి ఎవరూ సాయం చేయలేదు అనడంలో పొంతన లేదు. అలా రాసిన అమ్మాయి 'బికాజ్' దాటి ముందుకు చదవలేదు.

ఎనిమిదిలో 'హోల్' వస్తుంది. 'ద హోల్ నైట్' అయితే తప్పు లేదు, 'ద' లేకుండా కుదరదు. 'ద'తో మనవాళ్లకు ఉన్న పేచీ పీయూసీ దాటినా పోదు, నా అనుభవంలో ఇంజినీరింగ్ దాటినా పోదు. నాలుగులో 'దట్' రాయడం కూడా దీనికి చుట్టమే: "ఆ టైముకి" అని మనసులో తెలుగులో నడిచింది.

నాకు అన్నింటికంటే ఇష్టమైనది అయిదోది. చాలామంది 'హి' అని రాసి పెన్ను ముందుకు నడిపించేస్తారు. అమ్మ చప్పుడు వినేసరికి వాచ్‌మన్ మెట్ల మీంచి పరుగెత్తుతున్నాడు. చక్కటి వాక్యం, తప్పేముంది? తప్పు పది మాటల తర్వాత ఉంది. పిల్లలు 'ఇన్ ఇట్' గెంతుతున్నారట. దేన్లో? వాచ్‌మన్‌లోనా? అక్కడ ఆగి, వెనక్కి వచ్చి, 'హి' కొట్టేసి 'వాటర్' అని రాసినవాడు నిజంగా చదువుతున్నాడు. కాగితం మీద ఆ కొట్టివేత కనిపిస్తుంది. అందుకే పెన్సిల్, రబ్బరు ఇవ్వకండి, పెన్నుతోనే రాయించండి. దిద్దుకున్న చోట్లు మీకు జవాబులంత విలువైనవి.

బెంగళూరు పిల్లల విషయంలో ఇది మరీ ముఖ్యం. లిఫ్టులో గడగడా ఇంగ్లీషు మాట్లాడే పిల్లలు అయిదో ఖాళీ దగ్గర బోల్తా పడటం తరచూ చూస్తాను. వాళ్లకు వేగం ఉంది, వెనక్కి చూసే అలవాటు లేదు. అనంతపురం నుంచో కర్నూలు నుంచో తొమ్మిదిలో వచ్చి చేరి, క్లాసులో నోరు విప్పని పిల్లలు కొందరు నెమ్మదిగా కూర్చుని అన్నీ పూరించేస్తారు. తల్లిదండ్రులకు రెండూ నమ్మబుద్ధి కావు. కాగితం చూపించండి.

మార్కులు

రెండు దారులు. ఒకటి, అసలు రచనలో ఉన్న మాటే రాస్తే మార్కు, లేకపోతే లేదు. రెండోది, అక్కడ కుదిరే మాట ఏదైనా సరే. మొదటిది కఠినంగా కనిపిస్తుంది కానీ దిద్దేవాడి ఇష్టాయిష్టాలకు చోటుండదు. ఇద్దరు దిద్దితే ఒకటే మార్కు వస్తుంది. రెండోది పిల్లలకు న్యాయం, కానీ మీరు ఒప్పుకున్న మాట ఇంకో టీచరు ఒప్పుకోకపోవచ్చు. ఇంట్లో ఒక్క పిల్లాడి కోసమైతే రెండో దారి పట్టండి. పదిమంది ట్యూషన్ పిల్లల్ని పోల్చాలంటే మొదటిదే. స్పెల్లింగ్ తప్పులకు మార్కు తీయకండి. స్పెల్లింగ్ సంగతి డిక్టేషన్‌లో చూసుకున్నాం.

అమెరికాలో జాన్ బోర్మత్ 1960లలో ఈ మార్కులకు హద్దులు పెట్టాడు. అసలు మాటకే మార్కు అనే లెక్కలో నూటికి 57 దాటితే ఆ రచనను పిల్లలు ఎవరి సాయం లేకుండా చదువుకోగలరు. 44 నుంచి 57 మధ్య అయితే టీచరు పక్కనుండాలి. 44 కన్నా తక్కువైతే ఆ రచన వాళ్లకు మించినది. సగం పైన వస్తే బావున్నట్టా అని ఆశ్చర్యపోకండి. నూటికి నూరు ఎవరికీ రాదు, రాసిన రచయితకు కూడా రాకపోవచ్చు. అయితే ఈ హద్దులు ఇంగ్లీషు ఇంటిభాషగా ఉన్న పిల్లలను, అయిదో మాట తీసేసిన కాగితాలను చూసి పెట్టినవి. మన ఏడో మాట కాగితానికి వాటిని ఉజ్జాయింపుగా మాత్రమే వాడుకోవాలి. రెండో దారిలో దిద్దినప్పుడు అసలు వాడకూడదు, మార్కులు పెరిగిపోతాయి.

పిల్లలకు ఇవ్వకముందు, ఇంగ్లీషు బాగా వచ్చిన పెద్దవాళ్లు ఒకరిద్దరితో కాగితం పూరింపించండి. వాళ్లకే దొరకని ఖాళీ పిల్లలకిచ్చి లాభం లేదు, అక్కడ అసలు మాట తిరిగి పెట్టేయండి. పిల్లలు రాశాక ఇంకో చూపు చూడాలి: ఎక్కువ మార్కులు వచ్చినవాళ్లు తప్పు చేసి, తక్కువ వచ్చినవాళ్లు సరిగ్గా రాసిన ఖాళీ ఏదైనా ఉంటే, తప్పు ఆ ఖాళీదే. దాన్ని లెక్కలోంచి తీసేయండి.

ఒకే కాగితంతో తీర్పు ఇవ్వకండి. మొదటి రోజు కథ నచ్చి ఉండొచ్చు, రెండో రోజు జలుబు చేసి ఉండొచ్చు. వేర్వేరు రచనలతో రెండు మూడు కాగితాలు చేసి సగటు తీయండి. టైము అరగంట చాలు. బోర్డు పరీక్షల ముందు బడిలో పెట్టే ప్రిపరేటరీ పరీక్షల వారంలో మాత్రం వద్దు, పిల్లలు అప్పటికే ఆ టెన్షన్‌లో ఉంటారు.

ఈ వారం పని

రెండు కాగితాలు తయారు చేయండి. ఒకటి పిల్లాడి ఇంగ్లీషు పాఠ్యపుస్తకంలో ఇప్పటికే అయిపోయిన పాఠంలోంచి. అవును, ఇందాక వద్దన్నదే, ఈ ఒక్కసారికి. రెండోది ఎప్పుడూ చూడని కథలోంచి. రెండు రచనలూ దాదాపు ఒకే స్థాయివి కావాలి, ఖాళీలు ముప్పై చొప్పున. వాక్యాలు మరీ పొడవుగా ఉన్న పాఠం తీసుకుంటే పోలిక చెడుతుంది.

రెండు మార్కులూ దగ్గర దగ్గరగా వస్తే పిల్లాడు పుస్తకాన్ని చదివే అర్థం చేసుకుంటున్నాడు. పాఠంలో ఇరవై అయిదు, కథలో పన్నెండు వస్తే, బడి మార్కుల్లో జ్ఞాపకశక్తి వాటా ఎంతో మీకు తెలిసినట్టే. అప్పుడు క్వశ్చన్ బ్యాంక్ మూసేసి, రోజుకు రెండు పేజీలు కొత్తది చదివించడం మొదలుపెట్టండి. ఆరువారాల తర్వాత కొత్త కథతో ఇంకో కాగితం పెట్టండి. పాతదే మళ్లీ ఇవ్వకండి, ఖాళీలు గుర్తుండిపోతాయి. తప్పుల కాగితాలు పారేయకుండా తేదీ వేసి దాచండి, అయిదో పాఠంలో రాతను పరీక్షించేటప్పుడు వాటితో పని ఉంది.

నాలుగో పాఠం మాట్లాడటం గురించి. దానికి ఒక ఫోను, రికార్డింగ్ యాప్, పిల్లాడికి తెలియని పెద్దమనిషి ఒకరు కావాలి. ఆ మనిషిని ఇప్పటి నుంచే వెతికి పెట్టుకోండి.