ఇంజిన్ వణుకు, చెక్ ఇంజిన్ లైట్: పార్టు మార్చే ముందు ఇలా పరీక్షించండి

బండి ఆగి ఉన్నప్పుడు స్టీరింగ్ వణుకుతుంది. ఆర్పీఎం ముల్లు ఒక్కచోట నిలబడదు. యాక్సిలరేటర్ నొక్కితే పికప్ రాదు, మధ్యమధ్యలో జర్కులు. అదే సమయంలో డాష్‌బోర్డు మీద పసుపు రంగు ఇంజిన్ బొమ్మ వెలుగుతుంది. ఏదో ఒక సిలిండర్‌లో, లేదా అన్నింటిలోనూ, పెట్రోలు సరిగా మండటం లేదన్నమాట. దీన్నే మిస్‌ఫైర్ అంటారు.

ఇక్కడ టెన్షన్‌లో చాలామంది చేసే పని, కోడ్ (లోపం కనబడినప్పుడు బండి కంప్యూటర్ నమోదు చేసుకునే గుర్తు) చదివించి అందులో ఏ పేరు వినిపిస్తే ఆ పార్టు కొనేయడం. డబ్బు పోయేది అక్కడే. ఒళ్లు కాలుతోందని థర్మామీటరు చెబుతుంది గానీ ఏ జ్వరమో చెప్పదు కదా, కోడ్ కూడా అంతే. దాన్ని ఆధారంగా తీసుకుని చిన్న పరీక్షలతో కారణం దాకా వెళ్లాలి. వాటిలో సగానికి పైగా మీరే చేసుకోగలిగినవి. ఇక్కడ రాస్తున్నది పెట్రోలు ఇంజిన్ల గురించి.

లైటు మెరుస్తోందా, నిలకడగా వెలుగుతోందా?

అన్నింటికంటే ముందు చూడాల్సింది ఇదే. లైటు ఆగి ఆగి మెరుస్తుంటే మిస్‌ఫైర్ తీవ్రంగా ఉన్నట్టు. మండని పెట్రోలు సైలెన్సర్ వైపు వెళ్లి, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మండుతుంది. ఆ వేడికి లోపలున్న సిరామిక్ జల్లెడ కరిగిపోవచ్చు. ఒక ప్లగ్గుతో పోయే ఖర్చు కన్వర్టర్ దాకా పాకేది ఇలాగే. వెంటనే యాక్సిలరేటర్ తగ్గించండి, సురక్షితమైన చోట ఆపి ఇంజిన్ కట్టేయండి. మళ్లీ స్టార్ట్ చేసినా మెరుస్తూనే ఉంటే బండిని లాగించుకు వెళ్లడమే మేలు.

లైటు నిలకడగా వెలుగుతుంటే నెమ్మదిగా ఇంటికో షెడ్డుకో వెళ్లొచ్చు, కానీ వారాల తరబడి వదిలేయకూడదు. ఎర్రటి ఆయిల్ లైటు వెలిగినా, టెంపరేచర్ ముల్లు ఎర్రగీత చేరినా సంగతి వేరు. అప్పుడు ఇక ఒక్క అడుగు కూడా నడపకుండా ఇంజిన్ ఆపేయాలి.

ఎప్పుడు వణుకుతోంది?

స్కానర్ పెట్టక ముందే ఈ ప్రశ్నకు జవాబు ఆలోచించుకుంటే సగం పని అయిపోయినట్టే. ఐడ్లింగ్‌లో వణికి, వేగం అందుకున్నాక బాగుంటే గాలి లీకు, మురికి పట్టిన థ్రాటిల్ బాడీ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని నియంత్రించేది), మూసుకోకుండా ఇరుక్కున్న ఈజీఆర్ వాల్వ్ (కొంత పొగను తిరిగి ఇంజిన్‌లోకి పంపేది) వంటివి అనుమానించాలి. ఐడ్లింగ్ బాగానే ఉండి ఎత్తు ఎక్కేటప్పుడో ఓవర్‌టేక్ చేసేటప్పుడో జర్కులు ఇస్తే స్పార్క్ ప్లగ్గు, దానికి హై వోల్టేజి అందించే కాయిల్, పెట్రోలు ప్రెషర్ వైపు చూడాలి. లోడ్ పెరిగితే సిలిండర్‌లో ఒత్తిడి పెరుగుతుంది, ఆ ఒత్తిడిలో నిప్పురవ్వ దూకడానికి ఎక్కువ వోల్టేజి కావాలి. బలహీనపడిన కాయిల్ అక్కడే దొరికిపోతుంది.

వానలో తడిశాకో, ఇంజిన్ కడిగించాకో మొదలైతే కాయిల్, వైర్లలో తేమ చేరి ఉండొచ్చు. పెట్రోలు కొట్టించిన వెంటనే మొదలైతే ఇంధనంలో నీళ్లు కలిశాయేమో చూడాలి. ఈమధ్యే ఎవరైనా బానెట్ తెరిచి పని చేసి ఉంటే ముందుగా వాళ్లు ముట్టుకున్న చోటే వెతకండి. సరిగా నొక్కని కనెక్టర్, మళ్లీ తగిలించడం మరచిపోయిన గొట్టం చాలాసార్లు అక్కడే కనిపిస్తాయి.

కోడ్ చదవడం

స్టీరింగ్ కింద, డ్రైవర్ మోకాళ్ల దగ్గర స్కానర్ తగిలించే 16 పిన్నుల ఓబీడీ సాకెట్ ఉంటుంది. అమెరికాలో 1996 మోడల్ కార్ల నుంచి ఓబీడీ-2 తప్పనిసరి అయింది, తర్వాత మిగతా దేశాలూ ఇదే దారి పట్టాయి. కోడ్ మాత్రమే కాకుండా లైవ్ డేటా కూడా చూపించే స్కానర్ అయితే మంచిది. చదవగానే కోడ్ చెరిపేయకండి. దాంతోపాటు ఫ్రీజ్ ఫ్రేమ్ ఉంటుంది. లోపం నమోదైన క్షణాన ఆర్పీఎం ఎంత, ఇంజిన్ వేడి ఎంత, లోడ్ ఎంత అన్న వివరాలు అందులో ఉంటాయి. చెరిపితే అదీ పోతుంది. ముందు ఫోటో తీసి పెట్టుకోండి. బ్యాటరీ తీసి పెట్టినా ఇవి పోయే అవకాశం ఉంది.

పి0301, పి0302, పి0303... (ఒక్క సిలిండర్‌లో మిస్‌ఫైర్)

చివరి అంకె సిలిండర్ నంబరు. పి0303 అంటే మూడో సిలిండర్. చాలా ఇంజిన్లలో టైమింగ్ బెల్టు లేదా చైన్ వైపు ఉన్నది ఒకటో సిలిండర్, అయినా మాన్యువల్ చూసి నిర్ధారించుకోండి. ప్లగ్గు మీద కాయిల్ నేరుగా కూర్చునే ఇంజిన్లలో పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక, ఇగ్నిషన్ ఆపి, మూడో సిలిండర్ కాయిల్‌ని ఒకటోదానికీ ఒకటోది మూడోదానికీ మార్చి బిగించండి. కోడ్ చెరిపి, మళ్లీ వణుకు వచ్చేదాకా నడపండి. కోడ్ పి0301గా మారితే లోపం కాయిల్‌తోపాటే కదిలింది, అంటే కాయిల్ పోయినట్టే. పి0303గానే ఉండిపోతే కాయిల్ నిర్దోషి. అప్పుడు ప్లగ్గులు అలాగే తారుమారు చేయండి. అప్పటికీ కోడ్ కదలకపోతే మిగిలేవి ఆ సిలిండర్ ఇంజెక్టర్ (పెట్రోలు చిమ్మేది), కాయిల్, ఇంజెక్టర్ల వైరింగ్, లేదా కంప్రెషన్ (సిలిండర్ లోపల ఏర్పడే ఒత్తిడి). ఇంజిన్ నడుస్తుండగా కాయిల్ పీకి చూసే పాత అలవాటు మాత్రం వద్దు. మనిషికి షాక్ కొడుతుంది, కంప్యూటర్ కూడా దెబ్బతినొచ్చు.

ప్లగ్గు బయటికి తీసినప్పుడు దాన్ని వెలుతురులో తిప్పి చూడండి. మొన మీద లేత గోధుమ లేదా బూడిద రంగు ఉంటే మంట బాగానే ఉంది. పొడి నల్లమసి ఉంటే పెట్రోలు ఎక్కువవుతోంది. పెట్రోలు వాసనతో తడిగా ఉంటే నిప్పురవ్వ పడటం లేదు. జిడ్డుగా ఉంటే ఆయిల్ లోపలికి వస్తోంది. మిగతా ప్లగ్గులన్నీ మురికిగా ఉండి ఒక్కటి మాత్రం తోమినట్టు తెల్లగా ఉంటే ఆ సిలిండర్‌లోకి కూలెంట్ దిగుతోందేమోనని అనుమానించాలి. తెల్లటి పింగాణీ మీద పొడవునా సన్నటి నల్లగీత కనిపిస్తే నిప్పురవ్వ మొన దాకా వెళ్లకుండా పక్కదారిన ఎగురుతోందని అర్థం. అలాంటప్పుడు ప్లగ్గుతోపాటు కాయిల్ రబ్బరు బూటు కూడా మార్చాలి, లేకపోతే కొత్త ప్లగ్గుకూ అదే గీత పడుతుంది. ప్లగ్గు కూర్చునే గుంటలో ఆయిల్ నిలిచి ఉంటే వాల్వ్ కవర్ గ్యాస్కెట్ సెట్ మార్చక తప్పదు.

పి0300, దాంతోపాటు పి0171 (అన్నింటిలోనూ మిస్‌ఫైర్, గాలి ఎక్కువ)

సిలిండర్లన్నీ కలిపి తడబడుతుంటే ప్లగ్గులన్నీ ఒకేసారి పోయాయనుకోవడం కంటే అన్నింటికీ ఉమ్మడిగా ఉన్న కారణం వెతకడం సబబు. సాధారణంగా అది లెక్కలోకి రాని గాలి, లేదా చాలని పెట్రోలు. ఈ రెండింటినీ విడదీసేది ఫ్యూయల్ ట్రిమ్. లెక్క ప్రకారం పోయాల్సిన పెట్రోలుకు కంప్యూటర్ ఎంత శాతం కలుపుతోందో, ఎంత తగ్గిస్తోందో అది చెబుతుంది. సున్నాకు అటూ ఇటూ 10 శాతం లోపు ఉంటే కంగారు లేదు.

ఇంజిన్ వేడెక్కాక ఐడ్లింగ్‌లో ట్రిమ్ చూసి, తర్వాత ఆర్పీఎం 2500 దగ్గర నిలిపి మళ్లీ చూడండి. ఐడ్లింగ్‌లో +20 ఉన్నది రేస్ చేస్తే +5కి దిగితే అది గాలి లీకు. ఇంజిన్ పీల్చే మొత్తం గాలి పెరిగేకొద్దీ ఆ చిన్న లీకు వాటా తగ్గిపోతుంది కాబట్టి అలా దిగుతుంది. దీనికి భిన్నంగా, రేస్ చేసేకొద్దీ, లోడ్ పెరిగేకొద్దీ ట్రిమ్ పైకి ఎక్కితే లోపలికి వచ్చే గాలిని కొలిచే ఎంఏఎఫ్ సెన్సర్ మురికి పట్టిందేమో, ఫ్యూయల్ పంపు బలహీనపడిందేమో చూడాలి. సెన్సర్‌ని దానికోసమే అమ్మే స్ప్రేతో శుభ్రం చేయండి, లోపలి సన్నటి తీగను వేలితో గానీ గుడ్డతో గానీ తాకొద్దు. పంపు సంగతి తేలాలంటే ప్రెషర్ గేజ్ పెట్టాల్సిందే.

లీకు వెతకడానికి కళ్లకంటే చెవులు, వేళ్లు ఎక్కువ పనికొస్తాయి. ఐడ్లింగ్‌లో బుస్సుమనే చప్పుడు వస్తోందేమో వినండి. ఇంజిన్ ఆపాక పీసీవీ గొట్టం (ఇంజిన్ లోపలి ఆవిర్లను తిరిగి గాలి దారిలోకి పంపేది), బ్రేక్ బూస్టర్ గొట్టం, ఎయిర్ ఫిల్టర్ నుంచి థ్రాటిల్‌కి వెళ్లే మడతల పైపు ఒక్కొక్కటీ చేత్తో వంచి చూడండి. పైనుంచి నల్లగా, నిగనిగలాడుతూ కనిపించే గొట్టం కింది వైపు వంపులో నిలువునా చీలి ఉంటుంది. వంచితేనే ఆ చీలిక నోరు తెరుస్తుంది, వదిలితే మూసుకుపోతుంది. మండే స్ప్రేలను వేడి ఇంజిన్ మీద కొట్టి లీకు పట్టే పద్ధతి ప్రమాదం. ఎక్కడా దొరకకపోతే షెడ్డులో పొగ పంపి చూసే యంత్రంతో పరీక్ష చేయించండి.

ఆక్సిజన్ సెన్సర్ విషయంలో ఒక మాట. మిస్‌ఫైర్ అయిన సిలిండర్ నుంచి వాడని ఆక్సిజన్ అంతా సైలెన్సర్ వైపే పోతుంది. సెన్సర్ దాన్ని పట్టుకుని, పెట్రోలు చాలడం లేదని నివేదిస్తుంది. అది చూసిన నిజమే చెప్పింది, పాపం, తిట్లు మాత్రం దానికి పడతాయి. మిస్‌ఫైర్ కోడ్ ఉండగా ఆ సెన్సర్ మార్చకండి. ముందు మిస్‌ఫైర్ పోగొట్టి, తర్వాత కూడా సెన్సర్ కోడ్ వస్తే అప్పుడు చూడొచ్చు.

ఏదీ తేలకపోతే

ప్లగ్గు, కాయిల్, ఇంజెక్టర్, గాలి అన్నీ బాగున్నాయంటే కంప్రెషన్ చూడాలి. పెట్రోలు సరఫరా, ఇగ్నిషన్ రెండూ నిలిపేసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, గేజ్ పెట్టి సెల్ఫ్ తిప్పుతారు. సంఖ్య ఎంత అన్నదానికంటే సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. అన్నిటికంటే తక్కువది, అన్నిటికంటే ఎక్కువదానిలో 75 శాతం కూడా లేకపోతే లోపల పని ఉందన్నమాట. తక్కువ చూపిన సిలిండర్‌లో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూస్తే, రీడింగ్ పెరిగితే రింగులు అరిగాయి, పెరగకపోతే వాల్వుల దగ్గరో గ్యాస్కెట్ దగ్గరో లీకు. పక్కపక్కన ఉన్న రెండు సిలిండర్లు తక్కువ చూపితే హెడ్ గ్యాస్కెట్ మీదే ఎక్కువ అనుమానం. ఇక్కడి నుంచి అనుభవమున్న మెకానిక్ పని.

రిపేరు అయ్యాక

కోడ్ చెరిపి, చల్లటి ఇంజిన్‌తో మొదలుపెట్టి ఊళ్లోనూ హైవే మీదా నడిపి, పెండింగ్ కోడ్లు (కంప్యూటర్ గమనించినా ఇంకా ఖరారు చేయనివి) ఉన్నాయేమో స్కానర్‌లో చూడండి. లైటు వెలగకపోయినా పెండింగ్‌లో అదే కోడ్ కనిపిస్తే లోపం ఇంకా పోలేదు. మిస్‌ఫైర్ చాలాకాలం నడిచి ఉంటే డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. ఆయిల్‌లో పెట్రోలు వాసన వస్తే గడువు కాకపోయినా ఆయిల్, ఫిల్టర్ మార్చేయాలి. ఆ తర్వాత పి0420 వస్తే అది కన్వర్టర్ సామర్థ్యం తగ్గిందనే కోడ్. అప్పుడు కూడా ఎగ్జాస్ట్ పైపులో ఎక్కడైనా లీకు ఉందేమో చూశాకే కన్వర్టర్ జోలికి వెళ్లండి.